ఎర్ర అస్తరు

పెట్టె మూత ఎత్తి, పైనున్న సైనికుడి కోటును చేతులు పట్టుకుని లాగాడు క్లివోన్ తాత. కోటు పెట్టెలోనే ఉండిపోయింది. దాని కుడి చెయ్యి మాత్రం ఆయన చేతిలోకి వచ్చేసింది. చిరిగిన చప్పుడైనా లేదు. నెల్లాళ్ళుగా చీకట్లో కాపురం పెట్టిన పురుగులు కుట్టు వెంబడే తీరిగ్గా తింటూ పోయి, చూసేవాళ్ళకి మాత్రం కోటును కోటులాగే మిగిల్చాయి.

"కర్సినా! నీ సైన్యానికి చేతుల్లేవే," అన్నాడు తాత. ఆయన వేసేది హాస్యగాడి వేషం. తెర దించాక కూడా ఆ నోరు ఊరుకోదు.

కర్సినా నవ్వలేదు. కోటు తీసి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంది. భుజాల నిండా చిల్లులే. దాని కింది కోటూ అంతే, దాని కిందిదీ అంతే. అడుగున ధాన్యపు గింజల్లాంటివి పాకుతున్నాయి. చిమ్మెట పురుగులు. ఉన్నిని తిని, తిన్న ఉన్నితోనే ఒంటికి తొడుగు అల్లుకుని, ఆ తొడుగును ఈడ్చుకుంటూ తిరిగే రకం. ఒకదాన్ని తీసి గోటితో నలిపింది. చిటుక్కుమంది.

వాళ్ళది జావా దీవిలో ఊరూరా తిరిగే కెతోప్రాక్ నాటకాల బృందం. ఏ చక్కెర మిల్లు పక్క ఖాళీ జాగాలోనో వెదురు గోడలు కట్టి, రేకులు కప్పి, ఆ వేదిక వెనకాలే వండుకుని, అక్కడే పిల్లల్ని కని, జనం పలచబడగానే అన్నీ ఊడబెరుక్కుని ఇంకో ఊరికి పోయే మనుషులు. ఉపవాస మాసంలో ఆటలుండవు. రాజుల చొక్కాలు, రాణుల ముఖమల్ రవికలు, సైనికుల నీలం ఉన్ని కోట్లు, మైనం అద్దకం వేసిన బాతిక్ గుడ్డలు అన్నీ పెట్టెల్లోకి పోతాయి. ఉపవాసాలు ముగిశాక వచ్చే లెబారన్ పండుగ రాత్రి తెర లేచినప్పుడే మళ్ళీ వాటికి గాలి. ఆ పండుగ వారంలో జనం విరగబడతారు. ఆ వారం తెర లేవకపోతే తిండికి గతిలేక బృందంలోవాళ్ళు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోతారు. పండుగ ఇంకా నాలుగు రోజులుంది. పెట్టెల పూచీ కర్సినాది. బృందానికి యజమాని, అందరూ పాక్ గొండో, అంటే గొండో అయ్యగారు, అని పిలిచే మనిషి, ఆమె మొగుడు.

తాత చేతిలోని కోటు చెయ్యిని గొండో చూడనే చూశాడు. భారీ మనిషి, రాజు వేషాలు తప్ప వెయ్యడు. గుమ్మానికి అడ్డంగా నిలబడితే కొట్టులోకి వెలుతురు రాలేదు.

"నెల్లాళ్ళూ ఊరంతా ఉపవాసం ఉంటే, నా కొట్టులో పురుగులకి విందు పెట్టావుటే?" అన్నాడు.

కర్సినా నోరు తెరిచేలోపే గోడకి తగిలించిన పేము బద్ద అతని చేతిలోకి వచ్చింది. కోట్ల దుమ్ము దులిపేందుకు ఆమే కొనుక్కున్న బద్ద అది. మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది చెవి పక్కన. ఆమె పెట్టె మీదికి వంగిపోతే జుట్టు పట్టి లేపి, కాళ్ళ మీద, పిర్రల మీద, అడ్డుపెట్టిన చేతుల మీద కొట్టాడు. తిడుతూ కొట్టలేదు. పని చేస్తున్నవాడిలా, ఊపిరి తీసుకుంటూ కొట్టాడు. వాకిట్లో ఉన్న మద్దెల మనిషి మద్దెల తాడు బిగించుకుంటున్నాడు, బిగించుకుంటూనే ఉన్నాడు. ఆడవాళ్ళు తలలు తిప్పుకున్నారు. క్లివోన్ తాత ఆ కోటు చెయ్యిని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టాడు. పేము విరిగాకే గొండో ఆగాడు.

"పండుగ నాటికి ఒక్క పురుగు కనిపించిందా, ఆ పెట్టెలో నిన్ను కూరి తాళం వేస్తాను."

అతను వెళ్ళాక తాత దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "చూడమ్మాయ్, దులిపే బద్ద విరిగింది. ఇక పురుగుల్ని దేంతో దులుపుతావు?" అన్నాడు. అది హాస్యం కాదు. ఏమనాలో తెలీక అన్న మాట. ఆ సంగతి ఆమెకీ తెలుసు, అయినా ఒళ్ళు మండింది. ఇంతమంది మనుషులుండి ఒక్కడు "ఆగు" అనలేదు.

"కుంకుడుకాయలు కొట్టిపెట్టు తాతా," అంది. "వట్టివేళ్ళు సంతలో దొరుకుతాయి, మోపెడు తెమ్మను."

మర్నాడు పొద్దున్నే వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి వెలిగింది. దాని మీద పెద్ద ఇనప కాగు. తన గంజివల్లే ఇదంతా జరిగిందేమోనని కర్సినాకి రాత్రంతా అనుమానం. బాతిక్ గుడ్డలకి గంజి పెట్టి దాచడం ఆ ప్రాంతం ఆడవాళ్ళ అలవాటు. ఈసారి ఆమె మరీ చిక్కగా పెట్టింది, పండుగ నాటికి గుడ్డ ఫెళఫెళలాడాలని. గంజికి పురుగు వస్తుందని ఎవరికి తెలీదు? అందుకే నూలు గుడ్డలన్నీ ముందు కాగులో పడేసి, కుంకుడు రసం పోసి, గంజి వదిలేదాకా ఉడికించింది. వీపు మీద దెబ్బలు లేచి రవిక తగిలినప్పుడల్లా మండుతున్నాయి. తెడ్డు తిప్పడానికి వంగితే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అయినా తిప్పింది.

ఉన్ని కోట్లని ఉడకబెడితే చిన్నపిల్లల కోట్లవుతాయి. వాటిని తిరగేసి, కుట్టు కుట్టూ విప్పి, దబ్బనంతో గీకింది. గీకినదంతా వేడినీళ్ళ బేసిన్లో పడుతుంది. పడ్డ ప్రతి పురుగూ ఒక్కసారి మెలితిరిగి తేలుతుంది. మొదట్లో ఆమెకి అసహ్యమేసింది. మధ్యాహ్నానికి అసహ్యం పోయి కసి వచ్చింది. ఒక్కోదాన్ని పట్టుకుని, "నీ వల్లే కదరా," అంటూ గోళ్ళ మధ్య చిదిమింది. చిదిమీ చిదిమీ బొటనవేలి గోరు పసుప్పచ్చగా అయింది. గీకిన కోట్లని నల్ల టార్పాలిన్ పట్టాల్లో చుట్టి, రేకుల కప్పు మీద ఎండలో పడేసింది. కప్పు మీద చెయ్యి పెడితే చర్మం ఊడేంత వేడి. లోపల గుడ్లతో సహా చావాలి.

"ఈ ఏడు పండక్కి కొబ్బరాకు బుట్టల్లో అన్నం ఉడికించక్కర్లేదే," అన్నాడు తాత, కాగు చుట్టూ తిరుగుతూ. "ఇదిగో, పురుగుల పులుసు రెడీ. పాక్‌కి మొదటి గరిటె."

"మీరు ఉపవాసం కదా తాతా, వాసనైనా చూడకూడదు," అంది నునిక్. రాకుమార్తె వేషాలు వేసే పిల్ల, బృందంలో చేరి ఏడాదైనా కాలేదు. కర్సినా పక్కన కూర్చుని పిన్నులు విప్పుతోంది.

"ఉపవాసమా? నా పొట్టకి చెప్పకండే ఆ మాట. అది నమ్మేసినా నమ్మేస్తుంది."

నునిక్ పకపకా నవ్వింది. కర్సినా పెదవి కూడా ఒక్క క్షణం కదిలింది. కదిలించగానే చెవి పక్కన వాపు సలుపు పెట్టింది.

అన్ని పెట్టెలూ వాకిట్లోకి వచ్చాయి, ఒక్కటి తప్ప. కొట్టు మూల, ఎత్తుపీట మీద రాజు పెట్టె. టేకు చెక్క, ఇత్తడి తాళం. అందులో ఉన్నది గొండో తండ్రి వేసుకున్న నల్ల ముఖమల్ చొక్కా. మీదంతా బంగారు జరీ, లోపల ఎర్ర ఉన్ని గుడ్డతో అస్తరు. దానికి నీళ్ళు తగలకూడదు, ఎండ తగలకూడదు, ఆడదాని చెయ్యి అసలే తగలకూడదు. ప్రతి గురువారం సాయంత్రం గొండో ఒక్కడే తలుపు వేసుకుని, ధూపం వేసి, చొక్కా మడతల మధ్య గులాబీ రేకులు, సంపెంగలు, ఒక కోడిగుడ్డు పెట్టి మూత వేస్తాడు. ఎండిపోయిన పాత పూలు తియ్యడు, వాటి మీదే కొత్తవి. తన గొంతూ తన నడకా జనం చప్పట్లూ అన్నీ ఆ చొక్కా పెట్టిన భిక్షేనని అతని నమ్మకం. బృందంలో అందరి నమ్మకమూ అదే. కర్సినాది కూడా.

సాయంత్రానికి పని ఒక దారికి వచ్చిందనుకుంది. కప్పు మీంచి దించిన కోట్లని శుభ్రంగా కడిగిన పెట్టెలో పెట్టి, లవంగాలు చల్లి, వట్టివేళ్ళు పరిచింది. తెల్లారి మూత తీస్తే పైకోటు మీద మళ్ళీ పురుగులు పాకుతున్నాయి. ముందు ఏడుపొచ్చింది. తర్వాత ఒకదాన్ని అరచేతిలో వేసుకుని వాకిట్లోకి తెచ్చి చూసింది.

తొడుగు సగం నీలంగా ఉంది. మిగతా సగం ఎర్రగా ఉంది.

ఇంకోదాన్ని తెచ్చింది. అదీ అంతే, తోక వైపు ఎరుపు, తల వైపు నీలం. మరొకటి మొత్తం ఎరుపే, ఇంకా నీలం ముట్టనే లేదు. ఏది తింటే ఆ రంగు తొడుగు. ముందు ఎరుపు తిని, ఆ తర్వాత నీలానికి వచ్చాయి.

"తాతా, మన దగ్గర ఎర్ర ఉన్ని ఏ పెట్టెలో ఉంది?"

క్లివోన్ తాత వంగి చూశాడు. ఆయన మొహంలో ఎప్పుడూ ఉండే వెక్కిరింత ఇట్టే జారిపోయింది. కొట్టు మూల వైపు చూసి గబుక్కున చూపు తిప్పుకున్నాడు.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్ళు ఊరికే అనలేదు," అంది కర్సినా మెల్లగా.

"నువ్వు మాత్రం పట్టకు. నాకు కళ్ళు కనిపించవమ్మాయ్, చెవులు వినిపించవు. నాలుకొక్కటే పనిచేస్తుంది, అదీ జనం ముందు. నేనేం చూళ్ళేదు, నువ్వేం చూపించలేదు."

"ఆ పెట్టె అక్కడున్నన్నాళ్ళూ నేనేం చేసినా బూడిదలో పోసిన పన్నీరే తాతా. పండుగ రాత్రి సైనికులు చిల్లులతో వస్తారు. అప్పుడు నా వీపు చూడాలి నువ్వు."

"అయితే ఆయనతోనే చెప్పు. మెత్తగా చెప్పు."

మెత్తగానే చెప్పింది. గొండో లవంగాల సిగరెట్టు కాలుస్తూ, మార్కెట్లో కొనుక్కొచ్చిన పురుగుల మందు పంపుకి గాలి కొడుతున్నాడు. ఆమె దూరంగా నిలబడి, "పాక్, కోప్పడకండి. రాజు పెట్టె మీరే ఒక్కసారి తీసి చూస్తారా? పురుగులు ఎర్ర ఉన్ని తిని వస్తున్నాయి. కావాలంటే ఇదిగో చూడండి," అని అరచెయ్యి చాచింది.

అతను అరచేతిలోకి చూడలేదు. ఆమె మొహంలోకి చూశాడు.

"మా నాన్న చొక్కాకి పురుగా?"

"చొక్కాకి కాదు, పూలకి..."

ఆమె తల పట్టుకుని వేదిక గుంజకేసి కొట్టాడు. కొబ్బరికాయ కొట్టినంత చప్పుడైంది. ఆమెకి ఆ చప్పుడు వినిపించింది కానీ తన తలదేనని అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. కింద పడ్డాక డొక్కలో తన్నాడు.

"ముట్టు గుడ్డలతో దాని పక్కన మసిలావు. నీ గాలి తగిలి ఉంటుంది. పురుగు నువ్వే. పెట్టెలో ఉన్నది కాదు పురుగు, ఇదిగో ఇది!" అని మళ్ళీ తన్నాడు.

ఆ సాయంత్రం గొండో మందు పంపు భుజాన వేసుకుని యుద్ధానికి బయల్దేరాడు. అన్ని పెట్టెల మీదా, పక్కబట్టల మీదా, వేలాడేసిన తెరల మీదా, చివరికి వంటింటి గోడల మీదా కొట్టాడు. చిన్నపిల్లలు దగ్గీ దగ్గీ వాంతులు చేసుకున్నారు. ఒక్క రాజు పెట్టె మీద మాత్రం చుక్క పడనివ్వలేదు. దానికి పట్టా కప్పి మరీ చుట్టూ కొట్టాడు. కంచే చేను మేస్తుంటే, గట్టు మీద గడ్డి పీకే పని అది.

పంపు తిరుగుతూ తిరుగుతూ నునిక్ గది దాకా వచ్చింది. తీగ మీద ఆరేసి ఉన్న ఆమె పైట మీద ఒక పురుగు కనిపించింది. ఒకే ఒక్కటి. గొండో పంపు కింద పెట్టి, ఆ పిల్ల జడను చేతికి రెండు మెలికలు చుట్టుకుని వాకిట్లోకి ఈడ్చాడు. బురదలో ఈ చివర నుంచి ఆ చివరకి. "కర్సినా మంచిమంచి సంగతులు నేర్పుతోందా నీకు? పురుగుల్ని మెయ్యడం నేర్పుతోందా?" అంటూ ఈడ్చాడు. నునిక్ మొదట అరిచింది. తర్వాత అరవడానికి ఊపిరి చాలలేదు. అతను చెయ్యి విదిలించేసరికి అరచేతిలో వెంట్రుకలు ఒక గుప్పెడు మిగిలాయి. లుంగీకి తుడుచుకుని వెళ్ళిపోయాడు.

కర్సినా పోయి ఆ పిల్లని లేపింది. నెత్తి మీద ఊడిన చోట చర్మం ఎర్రగా చెమ్మగా ఉంది. కొబ్బరినూనె రాస్తుంటే నునిక్ పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. "అక్కా, నేనేం చేశాను?" అని అడిగింది. ఇన్నేళ్ళలో కర్సినా తన దెబ్బలకి ఎప్పుడూ ఆ ప్రశ్న వేసుకోలేదు. తానేదో చేసే ఉంటాననుకునేది. ఈ పిల్ల ఏమీ చెయ్యలేదన్నది మాత్రం పట్టపగల్లా కనిపిస్తోంది.

*

పండుగ ముందురోజు తండ్రి సమాధి మీద పూలు చల్లడానికి గొండో బస్సెక్కి సొంతూరు వెళ్ళాడు. ప్రతి ఏడూ వెళ్ళేదే. సాయంత్రం పండుగ డప్పులు మొదలయ్యేలోపు వస్తాడు.

బస్సు చప్పుడు వినపడటం ఆగగానే కర్సినా గుంజలు దిగేసే సమ్మెట తీసుకుని కొట్టులోకి వెళ్ళింది. ఇత్తడి తాళం మూడు దెబ్బలకి లొంగలేదు. నాలుగో దెబ్బకి తాళం అలాగే ఉండి, టేకు చెక్క చీలి కొండీ ఊడింది. మూత ఎత్తింది.

చిమ్మెటలు గుప్పుమని మొహం మీదికి లేచాయి. ముక్కులోకి, నోట్లోకి, రవికలోకి. వెనకనించి చూస్తున్న ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. పూల మడ్డి అట్టలు కట్టి ఉంది. అందులో చిన్న చిన్న పెంకు పురుగులు లుకలుకలాడుతున్నాయి. పగిలిన గుడ్డు నల్లబడి చొక్కా మెడకి అతుక్కుపోయింది. కర్సినా రెండు చేతులూ దూర్చి చొక్కాని పైకెత్తింది. ఎంత బరువుంటుందో అనుకుంది ఇన్నాళ్ళూ. ఏమీ లేదు. లోపల అస్తరు ఉండాల్సిన చోట ఎర్ర పొడి జలజలా రాలింది, ఆ పొడి నేల మీద పడగానే నడవడం మొదలెట్టింది.

"ముట్టుకున్నావు!" అన్నాడు మద్దెల మనిషి. "మా అన్నం కుండ పగలగొట్టావు."

"అమ్మాయ్, కింద పెట్టెయ్," అన్నాడు క్లివోన్ తాత. "నీ చేతులు పడిపోతాయి."

"ముట్టుకున్నాను తాతా. చూడు, పడిపోయాయా?" చొక్కాని గుండెకి హత్తుకునే వాకిట్లోకి నడిచింది. "మీ అన్నం కుండా? లోపలికి చూడండి, ఏం ఉడుకుతోందో. ఇది బతికున్నంతకాలం ఒక్క కోటూ మిగలదు. రేపు రాత్రి మీరు గోచీలతో రాజ్యాలేలండి."

కాగులో నీళ్ళు తెర్లుతున్నాయి. ఎవరైనా వచ్చి చెయ్యి పట్టుకుంటారేమోనని ఒక్క క్షణం చూసింది. ఎవరూ కదల్లేదు. వాళ్ళకి కదలకుండా ఉండడం బాగా అలవాటే. చొక్కాని కాగులో పడేసి తెడ్డుతో అడుక్కి తొక్కింది.

నీళ్ళు ముందు ఎర్రగా, ఆపైన నల్లగా తిరిగాయి. ముఖమల్ రంగు వదిలింది. పురుగులు వేలకి వేలు నురగలా పైకి తేలాయి. తెడ్డుతో వాటిని తోసి బయటికి విసిరింది, మళ్ళీ తేలాయి, మళ్ళీ విసిరింది. కోళ్ళు పరిగెత్తుకొచ్చి ముక్కులు కాల్చుకున్నాయి. ఎప్పుడొచ్చాడో క్లివోన్ తాత పొయ్యి దగ్గర చతికిలబడి, కట్టె ఒకటి లోపలికి తోశాడు. "ఎలాగూ పోయిందిగా, సగం ఉడికితే మాత్రం ఏం లాభం," అని గొణిగాడు. ఆ తర్వాత నునిక్ తలకి కట్టిన గుడ్డతోనే వచ్చి ఖాళీ రాజు పెట్టెని ఈడ్చి, మరిగే నీళ్ళు దోసి దాని మూలల్లోకి పోసింది.

గొండో అనుకున్నదానికంటే ముందే వచ్చాడు. భుజాన పూలబుట్ట ఇంకా ఉంది. వాకిట్లో గుమిగూడిన జనాన్ని చూశాడు, బోర్లా పడి ఆవిర్లు కక్కుతున్న పెట్టెని చూశాడు. ఏం జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పొయ్యి పక్కన పడున్న కట్టె అందుకుని కర్సినా భుజం మీద కొట్టాడు. ఎముక కలుక్కుమంది. ఆమె మోకాళ్ళ మీద పడింది కానీ తెడ్డు వదల్లేదు. రెండోసారి కట్టె ఎత్తినప్పుడే కాగులో జరీ తళుక్కుమంది.

అతను కట్టె వదిలేశాడు. "నాన్నా" అన్నాడు, చిన్నపిల్లాడి గొంతుతో. రెండు చేతులూ మోచేతుల దాకా తెర్లుతున్న కాగులోకి దించాడు.

ఆ కేక మిల్లు గోడకి తగిలి తిరిగొచ్చింది. అయినా చేతులు తియ్యలేదు. చొక్కాని పట్టుకుని లాగుతున్నాడు. ముఖమల్ వేళ్ళ మధ్య బురదలా జారిపోతోంది, చర్మం కూడా దాంతోపాటే వదిలిపోతోంది, అతను ఇంకా వెతుకుతున్నాడు. మగవాళ్ళందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. కర్సినా లేచి, దెబ్బ తగలని చేత్తో అతని మెడకాలరు పట్టుకుని వెనక్కి ఈడ్చింది. ఎందుకు ఈడ్చిందో ఆమెకే తెలీదు. చావనీ అని కూడా అనిపించింది, ఆ అనిపించడం మనసులో ఉండగానే ఈడ్చింది. ఇద్దరూ బురదలో పడ్డారు. అతని పిడికిట్లో జరీ పోగుల చిక్కు ఒకటి మాత్రం మిగిలింది.

"చన్నీళ్ళు తెండి!" అని ఆమె అరిచింది. అప్పటికి కదిలారు.

*

పండుగ పొద్దున నమాజు అయ్యాక క్షమాపణలు అడిగే వరస ఉంటుంది. యజమాని పేము కుర్చీలో కూర్చుంటాడు. ముందు భార్య, తర్వాత వయసు వరసన బృందమంతా, ఒక్కొక్కరే మోకాళ్ళ మీద వచ్చి, అతని చేతికి నుదురు ఆనించి, "నా లోపలి తప్పులూ బయటి తప్పులూ క్షమించండి" అనాలి. ప్రతి ఏడూ మొదటి నుదురు కర్సినాదే. కిందటేడు పగిలిన పెదవితో ఆ మాట అంది.

గొండో కుర్చీలో కూర్చున్నాడు. ఆస్పత్రి కంపౌండరు రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లు కట్టాడు. ఆ కట్లని ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తున్నాడు. కొత్తబట్టలు కట్టుకుని అందరూ వరసలో నిలబడ్డారు. వరస కదల్లేదు.

నునిక్ కొట్టులోకి వచ్చింది. "అక్కా, నువ్వొస్తే గానీ మిగతావాళ్ళు మొదలెట్టకూడదట."

"నాకు పనుంది," అంది కర్సినా. భుజం గుడ్డతో కట్టి ఉంది. ఒంటిచేత్తో సైనికుల కోట్లకి అతుకులేస్తోంది, నీలం గుడ్డ దొరక్క నల్లదానితో. "మీరు కానిచ్చుకోండి."

"కోపమా అక్కా?"

"కోపమే. ఏం, నాకు రాకూడదా?"

నునిక్ వెళ్ళిన కాసేపటికి గుమ్మంలో కీళ్ళు విరిచిన చప్పుడు. క్లివోన్ తాత. వచ్చి, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కర్సినా సూది వదిలేసి గబుక్కున వెనక్కి జరిగింది. "ఛ, లే తాతా! నీ వయసేంటి, నా వయసేంటి. చూస్తే నవ్వుతారు."

"నవ్వించడం నా పనేగా." కానీ నవ్వలేదు. ఆమె చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకున్నాడు. "లోపలివీ బయటివీ అని ఏటేటా అంటాం కదమ్మాయ్, ఏవో ఎప్పుడూ చెప్పం. పేము విరిగేదాకా నిన్ను కొట్టాడు. నేను కోటు చెయ్యి మడతపెడుతూ కూర్చున్నాను. అదీ నా తప్పు. క్షమించు."

కర్సినా మళ్ళీ సూది అందుకోబోయింది. పెదాలు బిగబట్టినా ఏడుపు ఆగలేదు. దెబ్బలప్పుడు రాని ఏడుపు, పెద్దగా, ముక్కు కారుతూ వచ్చింది. తాత అలాగే కూర్చున్నాడు. ఆయన వెనకాల నునిక్, ఆమె వెనక వంటమనిషి, కాస్త ఆలస్యంగా మద్దెల మనిషి తల గోక్కుంటూ. అందరూ రాలేదు. సగంమంది వాకిట్లోనే ఉండి కుర్చీలో మనిషికే మొక్కుకున్నారు. చెయ్యి ఎక్కడ ముట్టుకోవాలో తెలీక, కట్టుకి నుదురు ఆనించబోయి మధ్యలోనే ఆగారు.

సాయంత్రం టిక్కెట్ల కిటికీ దగ్గర జనం తోసుకుంటున్నారు. సైనికులందరూ అతుకుల కోట్లేసుకుని ముందుకెళ్ళాక గొండో కొట్టులోకి వచ్చాడు. కట్ల చేతుల్ని గాల్లో పైకి పెట్టుకుని, గుమ్మంలో కాక పక్కకి నిలబడ్డాడు.

"నాకేది?" అన్నాడు.

కర్సినా పెట్టెలోంచి ఒక నీలం కోటు తీసింది. ఉన్నవాటిలో పెద్దది. అయినా అతని వీపుకి చాలదు. కుట్టు నిలువునా విప్పింది, కట్ల మీంచి చేతులు జాగ్రత్తగా తొడిగింది, మధ్యలో నల్ల గుడ్డ పట్టీ పెట్టి, ఒంటి మీదే ఉంచి వెనకనించి కుట్టుకుంటూ వచ్చింది. బయట క్లివోన్ తాత ఏదో అన్నాడు, జనం గొల్లుమన్నారు. మద్దెల జోరు పెరిగింది.

"సైనికుడి కోటులో రాజంటే ఎవడు నమ్ముతాడు?" అన్నాడు గొండో.

"ఎవరు నమ్మకపోతే వాళ్ళు ఇంటికిపోతారు. ఇటు తిరుగు."

తిరిగాడు. మెడ దగ్గర కోటు రెండు అంచులూ కలవట్లేదు. గుండీకి అందదు. ఆమె దగ్గరికి జరిగి, దారం మైనంతో రుద్ది, అంచులు రెండూ కట్టులో ఉన్న చేతి వేళ్ళతో దగ్గరికి పట్టుకుని, సూది గుచ్చింది. ఇంత దగ్గర్నించి అతని మొహం చూసి చాలాకాలమైంది. కళ్ళకింద చర్మం వేలాడిపోయింది. రంగు వేసినా కనబడుతోంది.

"కర్సినా," అని మొదలెట్టాడు.

"మాట్లాడకు. సూది గొంతు దగ్గరుంది."

అతను గడ్డం పైకెత్తి, కట్ల చేతులు గాల్లో అలాగే ఉంచి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. బయట రాజు కోసం పిలుస్తున్నారు. ఆమె తొందరపడలేదు.